స్ట్రోక్ తర్వాత మెదడును కాపాడే మందు: వెయ్యి ప్రయత్నాలు ఎందుకు ఫలించలేదు, ఇప్పుడు ఏం మారింది

పోయిన ఏడాది ఒక రోజు పొద్దున్నే మా బాబాయి కాఫీ తాగుతుంటే గ్లాసు చేతిలోంచి జారిపోయింది. కుడి చెయ్యి లేవలేదు, మూతి ఒక పక్కకు లాగేసింది, మాట ముద్దముద్దగా వచ్చింది. పిన్ని నువ్వుల నూనె రాసింది, ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి బీపీ చూశాడు, ఆ తర్వాత కారు మాట్లాడుకుని పట్నంలో ఆస్పత్రికి చేరేసరికి నాలుగు గంటలు దాటిపోయింది. అక్కడ డాక్టరు కంప్యూటర్‌లో స్కాన్ బొమ్మ చూపించారు. మెదడు ముక్కలో ఒక చోట చిన్న మచ్చ, దాని చుట్టూ ఇంకో రంగులో అరచెయ్యంత మేర. "ఈ మచ్చ అయిపోయిందండీ, చుట్టూ ఉన్నది ఇంకా బతికే ఉంది, మా ప్రయత్నమంతా దాని కోసమే" అన్నారు. పిన్ని వెంటనే అడిగింది: "అది కూడా పోకుండా ఆపే ఇంజెక్షన్ ఏదైనా ఉంటే ఇవ్వండి, ఎంతైనా పర్లేదు."

ఆ ప్రశ్న మీద ప్రపంచంలో చాలామంది శాస్త్రవేత్తలు నలభై ఏళ్లకు పైగా కూర్చున్నారు. దీన్నే న్యూరోప్రొటెక్షన్ అంటారు, అంటే నాడీకణాలు చావకుండా కాపుకాయడం. అప్పుడప్పుడూ "స్ట్రోక్‌కి కొత్త మందు వచ్చేసింది" అని వాట్సాప్‌లో వార్త తిరుగుతుంది, మరోపక్క "అలాంటి మందే లేదు" అని డాక్టర్లు చెప్తారు, రెండూ విన్నవాళ్లకు అయోమయమే మిగులుతుంది. మొదటి నుంచి చూద్దాం.

## పక్షవాతం అని పిలిచేది ఒకటే, లోపల జబ్బులు రెండు

స్ట్రోక్ రెండు రకాలు. మెదడుకు వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడి రక్తం ఆగిపోవడం ఒకటి, రక్తనాళం చిట్లి మెదడులోకి రక్తం కారడం రెండోది. మొదటిదే ఎక్కువ. బయటికి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, చెయ్యి పడిపోతుంది, మాట పోతుంది. అందుకే సీటీ స్కాన్ లేకుండా గడ్డ కరిగించే మందు ఇవ్వరు, లోపల రక్తం కారుతున్న మనిషికి ఆ మందు ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. ఇక్కడ మాట్లాడుకునేది ఎక్కువగా గడ్డ అడ్డుపడే రకం గురించే.

మెదడు బరువు ఒంటి బరువులో 2 శాతమే, కానీ ఒళ్లు వాడే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం అదే తీసుకుంటుంది. పైగా దానికి దాచుకునే అలవాటు లేదు. కాలికి రక్తం అందకపోయినా కొన్ని గంటలు తట్టుకుంటుంది, మెదడు నిమిషాల్లోనే కష్టంలో పడుతుంది.

## ఎండిపోయిన మడి, వాడిపోయిన మడి

పంట బోదెలో పూడిక అడ్డుపడిందనుకోండి. ఆ బోదె మీదే పూర్తిగా ఆధారపడిన మడి త్వరగా ఎండిపోతుంది. దాని చుట్టూ ఉన్న మళ్లకు మాత్రం పక్క పొలం గట్టు నుంచి ఊట రూపంలో కాస్త నీళ్లు వస్తూ ఉంటాయి, అక్కడ నారు వాడిపోయి తలవాల్చేస్తుంది కానీ చావదు. ఈలోగా పూడిక తీస్తే లేచి నిలబడుతుంది. ఆలస్యమైతే అదీ ఎండుతుంది.

మెదడులో సరిగ్గా ఇదే జరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు 100 గ్రాముల మెదడుకు నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం అందుతుంది. అది 20 కంటే కిందికి పడితే కణాలు పని మానేస్తాయి, చెయ్యి కదలదు, మాట రాదు, కానీ కణాలు బతికే ఉంటాయి. 10 కంటే కిందికి పోతే చావడం మొదలవుతుంది. చచ్చిపోయిన నడిమి భాగాన్ని కోర్ అంటారు. పని మానేసి బతికున్న చుట్టుపక్కల భాగాన్ని పెనంబ్రా అంటారు, డాక్టరు మాకు చూపించిన రెండో రంగు అదే. పక్క గట్ల నుంచి వచ్చే ఊట లాంటివి కొలేటరల్ రక్తనాళాలు, అంటే పక్కదారులు. కొందరికి ఇవి పుట్టుకతోనే బాగుంటాయి, కొందరికి తక్కువ.

"నిమిషానికి 19 లక్షల నాడీకణాలు చనిపోతాయి" అనే లెక్క మీరు వినే ఉంటారు. అది అమెరికన్ న్యూరాలజిస్ట్ జెఫ్రీ సేవర్ 2006లో వేసిన లెక్క, పెద్ద రక్తనాళం మూసుకుపోయిన సగటు మనిషికి వర్తిస్తుంది. సగటు అన్న మాట ఇక్కడ ముఖ్యం. తర్వాత ఇంకొందరు మనిషి మనిషికీ విడిగా లెక్కేస్తే నిమిషానికి 35 వేల కంటే తక్కువ కణాలు పోయేవాళ్లూ ఉన్నారు, 2.7 కోట్ల కంటే ఎక్కువ పోయేవాళ్లూ ఉన్నారు. పక్కదారుల బలాన్ని బట్టి ఇంత తేడా. ఒకే మందు ఈ ఇద్దరికీ ఇచ్చి సగటు తీస్తే ఏం తేలుతుందో ఊహించుకోండి.

## కణం లోపల ఏమవుతుంది

రక్తం ఆగగానే కణానికి శక్తి అందదు. కణం గోడలో సోడియం, పొటాషియం అయాన్లను అటూ ఇటూ నెట్టే పంపులు ఆగిపోతాయి. దాంతో కణం గ్లూటమేట్ అనే రసాయనాన్ని బయటికి కుమ్మరిస్తుంది. మామూలుగా ఇది కణాలు మాట్లాడుకునే భాష, మోతాదు మించితే పక్క కణాన్ని చంపే విషం. గ్లూటమేట్ పక్క కణం తలుపు తెరిస్తే కాల్షియం లోపలికి దూసుకొస్తుంది, లోపల నిద్రపోతున్న ఎంజైములు లేచి కణాన్నే కోసేస్తాయి, నైట్రిక్ ఆక్సైడ్, కణాన్ని దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ అనే రసాయనాలు పుడతాయి. తర్వాత గంటల్లో, రోజుల్లో వాపు, మంట (డాక్టర్ల మాటలో ఇన్‌ఫ్లమేషన్) వస్తాయి. గడ్డ పోయి రక్తం ఒక్కసారిగా తిరిగి వచ్చినప్పుడు కూడా ఫ్రీ రాడికల్స్ కొత్తగా పుట్టి కొంత నష్టం చేస్తాయి, దీన్ని రీపర్ఫ్యూజన్ ఇంజురీ అంటారు.

ఇలా ఒకదాని వెంట ఒకటి గొలుసులా జరుగుతుంది కాబట్టి ఎక్కడో ఒక లింకు తెంపితే చాలు కదా అని అందరూ అనుకున్నారు. గ్లూటమేట్‌ని అడ్డుకునే మందులు, కాల్షియాన్ని ఆపేవి, ఫ్రీ రాడికల్స్‌ని మింగేసేవి, మంట తగ్గించేవి అన్నీ ప్రయత్నించారు.

ఒక తేడా మాత్రం స్పష్టంగా పట్టుకోవాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్, తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి గడ్డను లాగేసే థ్రాంబెక్టమీ, ఈ రెండూ పూడిక తీసే పనులు. న్యూరోప్రొటెక్షన్ పూడిక తీయదు, నీళ్లు వచ్చేదాకా నారును బతికించి ఉంచుతుంది. మొదటి రకం వైద్యం నిరూపణ అయింది: ఆల్టెప్లేజ్ ఇంజెక్షన్ పనిచేస్తుందని 1995లో అమెరికాలో తేలింది, మొదట 3 గంటల్లోపు అన్నారు, 2008లో అది 4.5 గంటలైంది. థ్రాంబెక్టమీ 2015లో వరసగా ఐదు ట్రయల్స్‌లో, అంటే రోగుల మీద పోల్చి చేసే పరీక్షల్లో, గెలిచింది, 2018 నుంచి స్కాన్‌లో పెనంబ్రా మిగిలి ఉన్న కొందరికి 24 గంటల దాకా చేస్తున్నారు. రెండో రకానిదే ఈ చిక్కంతా.

## ఎలుకల్లో గెలిచి మనుషుల్లో ఓడిపోయిన మందులు

2006లో ఆస్ట్రేలియా పరిశోధకుల బృందం ఒకటి కూర్చుని లెక్కపెడితే, అప్పటిదాకా స్ట్రోక్‌లో మెదడు కోసం ప్రయోగాల్లో పరీక్షించిన చికిత్సలు 1,026 తేలాయి. అందులో 114 మనుషుల దాకా వచ్చాయి. నిక్కచ్చిగా నిలబడింది గడ్డ కరిగించడం తప్ప మరొకటి లేదు. ఆ రంగంలో పనిచేసేవాళ్ల మనసు ఎంత విరిగిపోయి ఉంటుందో ఆలోచిస్తే నాకు బాధేస్తుంది, ఒక్కో మందు వెనక ఒక్కో జీవితం ఉంటుంది.

ఎన్‌ఎక్స్‌వై-059 అనే మందు ఉదాహరణ చూడండి. ఫ్రీ రాడికల్స్‌ని పట్టే మందు ఇది. జంతు ప్రయోగాలు ఎలా చేయాలో 1999లో స్టెయిర్ అనే పేరుతో నియమాలు రాసుకున్నారు, వాటిని బాగా పాటించిన మందుగా దీనికి పేరు. 2006లో మొదటి పెద్ద ట్రయల్‌లో లాభం కనిపించింది, పేపర్లలో వచ్చింది, ఆశ పుట్టింది. 3,300 మంది మీద రెండో ట్రయల్ చేస్తే లాభం మాయమైంది. కంపెనీలు చాలావరకు ఈ రంగం నుంచి చేతులు దులుపుకుని వెళ్లిపోయాయి.

ఎందుకిలా? అందరూ ఒప్పుకునే కారణాలు కొన్ని ఉన్నాయి. ప్రయోగశాల ఎలుక వయసులో ఉంటుంది, దానికి షుగరు లేదు, బీపీ లేదు. మన దగ్గర స్ట్రోక్ వచ్చే మనిషికి చాలాసార్లు ఈ రెండూ ఉంటాయి, బీడీ అలవాటూ ఉండొచ్చు. ఎలుక మెదడు నున్నగా ఉంటుంది, అందులో తెల్ల పదార్థం, అంటే కణాల మధ్య తీగెల లాంటి భాగం, చాలా తక్కువ. మన మెదడులో అది దాదాపు సగం. ఎలుకకు గడ్డ పెట్టిన కొద్ది నిమిషాల్లో, ఒక్కోసారి ముందే, మందు ఇస్తారు. మనిషికి ఆరేడు గంటల తర్వాత ఇస్తారు.

ఇంకోటి 2020లో బయటపడింది, నాకు ఇది చాలా ఆశ్చర్యంగా అనిపించింది. ఎలుకలు పగలు నిద్రపోతాయి, రాత్రి తిరుగుతాయి. పరిశోధకులు పని చేసేది పగలు. అంటే ఇన్నేళ్లూ ఎలుక నిద్రవేళలో స్ట్రోక్ తెప్పించి మందు పరీక్షించారు, మనుషులకు మాత్రం స్ట్రోక్ ఎక్కువగా మెలకువ వేళల్లో వస్తుంది. మూడు రకాల పాత చికిత్సలను మళ్లీ తీసుకుని ఎలుకల రెండు వేళల్లోనూ ఇచ్చి చూస్తే, నిద్రవేళలో మెదడును కాపాడాయి, మెలకువ వేళలో కాపాడలేదు.

అన్నిటికంటే పెద్ద కారణం అని నాకు అనిపించేది మాత్రం పూడిక. 2015కి ముందు జరిగిన ట్రయల్స్‌లో చాలామందికి గడ్డ అలాగే ఉండిపోయింది. ఎగువన కాలువలో ఎంత మందు కలిపినా, పూడిక దాటి దిగువ మడికి అది ఎలా చేరుతుంది? లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 1,700 మందిని తీసుకుని, అంబులెన్స్‌లోనే కొందరికి మెగ్నీషియం, కొందరికి ప్లాసిబో (మందులా కనిపించే ఉత్తుత్తి మందు) ఎక్కించిన ఫాస్ట్-మాగ్ ట్రయల్ 2015లో వచ్చింది. లక్షణాలు మొదలైన దగ్గర నుంచి సగటున 45 నిమిషాల్లో మందు మొదలుపెట్టారు, అంత తొందరగా ఇంతకుముందెవరూ ఇవ్వలేదు. అయినా మూడు నెలల తర్వాత చూస్తే మందు తీసుకున్నవాళ్లకూ ప్లాసిబోవాళ్లకూ తేడా లేదు. తొందర ఒక్కటే సరిపోదని అర్థమైంది. మెగ్నీషియం రక్తం నుంచి మెదడులోకి నెమ్మదిగా వెళ్తుంది, ఆ ఇబ్బందీ ఉంది.

## నెరినెటైడ్: ఒక మందు మూడు పరీక్షలు

కొత్త కాలపు ప్రయత్నాల్లో దగ్గరగా చూడాల్సింది కెనడాలో తయారైన నెరినెటైడ్. గ్లూటమేట్ తలుపుకూ నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఎంజైముకూ మధ్య ఒక ప్రొటీన్ ముడి ఉంటుంది. ఈ మందు తలుపు మూయదు, ఆ ముడి మాత్రం విప్పుతుంది, అంటే కణాల మాటామంతీ ఆగకుండా విషం పుట్టడం ఆగుతుంది. 2012లో కోతుల్లో కూడా పనిచేసింది, కోతి మెదడు మన మెదడుకు దగ్గర కాబట్టి ఇది పెద్ద మాటే.

2020లో వచ్చిన మొదటి పెద్ద ట్రయల్‌లో 1,105 మంది ఉన్నారు, అందరికీ గడ్డ తీసే థ్రాంబెక్టమీ చేశారు. లెక్క ఇలా: నూరు మందికి మందు ఇస్తే 61 మంది తమ పనులు తామే చేసుకునే స్థితికి వచ్చారు, ప్లాసిబో ఇచ్చిన నూరులో 59 మంది. తేడా లేనట్టే. కానీ లోపలికి తొంగిచూస్తే ఇంకోటి కనిపించింది. గడ్డ కరిగించే ఆల్టెప్లేజ్ తీసుకోనివాళ్లను విడిగా చూస్తే 59కి 50, తొమ్మిది మంది తేడా. ఆల్టెప్లేజ్ వల్ల ఒంట్లో పుట్టే ప్లాస్మిన్ అనే ఎంజైమ్ గడ్డతో పాటు ఈ మందునూ ముక్కలు చేసేస్తుందని తెలుసు, కాబట్టి కారణం కూడా సరిగ్గా అతికింది.

అందుకని ఆల్టెప్లేజ్ తీసుకోనివాళ్లతోనే 850 మందితో మరో ట్రయల్ చేశారు. 2025లో ఫలితం వచ్చింది: మందు వైపు 45 శాతం, ప్లాసిబో వైపు 46 శాతం. తొమ్మిది మంది తేడా ఎక్కడికి పోయింది? దీన్నే ఉపవర్గాల ఉచ్చు అనొచ్చు. వెయ్యి మందిని వయసు, మందు, గంటలు అంటూ చిన్న గుంపులుగా విడదీస్తే ఏదో ఒక గుంపులో యాదృచ్ఛికంగా తేడా కనపడుతుంది, దానికి మంచి కారణం కూడా దొరికితే నమ్మబుద్ధి వేస్తుంది. మూడోది కెనడాలో అంబులెన్స్‌లో మూడు గంటల్లోపు ఇచ్చిన ట్రయల్, అందులోనూ మొత్తంమీద లాభం లేదు, కానీ గడ్డ రకం స్ట్రోక్ ఉండి తర్వాత రక్తనాళం తెరిచినవాళ్లలో మేలు కనిపించింది. ఆశావాదులు "చూశారా, తొందరగా ఇచ్చి గడ్డ తీస్తే పనిచేస్తోంది" అంటారు. జాగ్రత్తపరులు "అదీ ఉపవర్గమే, మొన్న ఇలాగే మోసపోయాం" అంటారు. రెండు మాటలూ న్యాయమైనవే, ఇంకో ట్రయల్ చేస్తే తప్ప తేలదు.

## ఒక దేశంలో మందు, ఇంకో దేశంలో కాదు

ఎడరవోన్ జపాన్‌లో 2001 నుంచి స్ట్రోక్‌కి వాడుతున్నారు. అమెరికాలో స్ట్రోక్‌కి అనుమతి లేదు. చైనాలో దీనికి డెక్స్‌బోర్నియాల్ కలిపిన మందుకు 2020లో అనుమతి వచ్చింది. 1,165 మందితో చేసిన ట్రయల్‌లో దాదాపు ఏ లోటూ లేకుండా కోలుకున్నవాళ్లు 67 శాతం, పోల్చిన గుంపులో 59 శాతం. ఇక్కడ గమనించాల్సింది, పోల్చింది ప్లాసిబోతో కాదు, వట్టి ఎడరవోన్‌తో. తర్వాత నాలుక కింద పెట్టుకునే రూపాన్ని 914 మంది మీద ప్లాసిబోతోనే పోల్చారు: 64కి 55. ఇది 2024లో వచ్చింది, చిన్న విషయం కాదు. విమర్శ ఏమిటంటే ఈ ట్రయల్స్ దాదాపు అన్నీ ఒకే దేశంలో జరిగాయి, వేరే జనాభాలో, థ్రాంబెక్టమీ బాగా చేసే చోట్ల కూడా ఇదే ఫలితం వస్తే అప్పుడు నమ్ముతాం అని.

మన దేశంలో సొవాటెల్టైడ్ అనే మందుకు 2023లో అనుమతి ఇచ్చారు, 24 గంటల్లోపు మొదలుపెట్టొచ్చు. ఫేజ్ 3 (అనుమతికి ముందు చేసే చివరి దశ) ట్రయల్‌లో కోలుకున్నవాళ్లు ఎక్కువగా ఉన్నారు, కానీ మొత్తం పాల్గొన్నది 158 మందే. పైన చెప్పిన ఎన్‌ఎక్స్‌వై-059 మూడు వేల మందిలో పరీక్షించాక తలకిందులైన సంగతి గుర్తుంటే, 158 అన్న అంకె చూసి ఆశతో పాటు టెన్షన్ కూడా పడటం సహజం.

ఇక సిటికోలిన్. మన మెడికల్ షాపుల్లో స్ట్రోక్ చీటీల మీద తరచూ కనిపించేది ఇదే. 2012లో స్పెయిన్, పోర్చుగల్, జర్మనీల్లో 2,298 మంది మీద ప్లాసిబోతో పోల్చి చూశారు, లాభం కనపడే అవకాశం లేదని తేలి మధ్యలోనే ఆపేశారు. అమెరికా మార్గదర్శకాలు ఇలాంటి మందులేవీ సిఫారసు చేయవు. రాసే డాక్టర్ల వాదన కూడా వినాలి: పెద్దగా సైడ్ ఎఫెక్ట్స్ లేవు, పాత చిన్న ట్రయల్స్‌లో మేలు కనిపించింది, చేతిలో ఇంకేం లేనప్పుడు ఇస్తే తప్పేంటి అని. నెల నెలా ఆ డబ్బు కట్టే కుటుంబం వైపు నుంచి చూస్తే నాకు ఆ వాదన బలహీనంగానే కనిపిస్తుంది.

## మందు లేకుండా కాపాడే ప్రయత్నాలు

బీపీ పట్టీని చేతికి గట్టిగా బిగించి ఐదు నిమిషాలు రక్తం ఆపి, వదిలి, మళ్లీ బిగించి, ఇలా ఐదుసార్లు చేస్తే ఒళ్లు విడుదలచేసే సంకేతాలు మెదడును కాపాడతాయని ఒక ఆలోచన. ఖర్చు దాదాపు లేదు. చైనాలో 2022లో సుమారు 1,800 మంది మీద చూస్తే పట్టీ బిగించినవాళ్లలో 67 శాతం, బిగించనివాళ్లలో 62 శాతం బాగా కోలుకున్నారు, అయితే తనకు పట్టీ బిగిస్తున్నారో లేదో రోగికి తెలుసు. డెన్మార్క్‌లో 2023లో ఉత్తుత్తి పట్టీతో పోల్చి, అంబులెన్స్‌లోనే మొదలుపెట్టి చూస్తే తేడా రాలేదు. ఒళ్లు చల్లబరిచే పద్ధతి యూరప్‌లో మొదలై, మనుషులు చాలినంతమంది చేరక ముందే ఆగిపోయింది. ఆక్సిజన్ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంది. బ్రిటన్‌లో 8,000 మంది మీద మామూలు తక్కువ మోతాదు ఆక్సిజన్ పరీక్షిస్తే ఉపయోగం లేదు. చైనాలో 2025లో వచ్చిన ట్రయల్‌లో 282 మందికి థ్రాంబెక్టమీ చేయిస్తూ, సగం మందికి నాలుగు గంటలు ఎక్కువ మోతాదు ఆక్సిజన్ పెడితే కోలుకోవడం మెరుగైంది. గడ్డ తీసేలోగా పెనంబ్రాను నిలబెట్టడం అన్న అసలు ఆలోచనకు ఇది బాగా దగ్గరగా ఉంది.

## ఇప్పుడు వేరేగా ఏం చేస్తున్నారు

గడ్డ తీశాక కూడా దాదాపు సగం మంది స్వతంత్రంగా బతికే స్థితికి రావడం లేదు. 2015 నాటి ఐదు ట్రయల్స్ కలిపి చూస్తే థ్రాంబెక్టమీ చేసినవాళ్లలో 46 శాతం, చేయనివాళ్లలో 26.5 శాతం ఆ స్థితికి వచ్చారు. మిగిలిన ఆ 54 మంది కోసమే న్యూరోప్రొటెక్షన్ మీద మళ్లీ ఆసక్తి లేచింది.

ఎలుకల పని కూడా మార్చుకున్నారు. అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ స్పాన్ అనే పేరుతో ఆరు ప్రయోగశాలలను కలిపింది. ముసలి ఎలుకలు, లావెక్కిన ఎలుకలు, బీపీ ఉన్న ఎలుకలు, ఆడా మగా రెండూ, మొత్తం 2,600కు పైగా. ఏ ఎలుకకు ఏ మందు ఇచ్చారో కొలిచేవాళ్లకు తెలియదు. ఆరు చికిత్సలు పోటీ పడితే చివరిదాకా నిలిచింది యూరిక్ యాసిడ్, గౌట్ అనే కీళ్ల జబ్బు ఉన్నవాళ్లు తగ్గించుకోమని వినే అదే యూరిక్ యాసిడ్. అది మంచి యాంటీఆక్సిడెంట్ కూడా, అంటే ఫ్రీ రాడికల్స్‌ని అడ్డుకుంటుంది. 2014లో స్పెయిన్‌లో 411 మంది మీద పరీక్షిస్తే ఇది తీసుకున్నవాళ్లలో 39 శాతం, ప్లాసిబోవాళ్లలో 33 శాతం బాగా కోలుకున్నారు, ఆ తేడా గట్టిగా నిలబడేంత కాదు. థ్రాంబెక్టమీ రోజుల్లో పెద్ద ట్రయల్ పెడితే ఏమవుతుందో చూడాలి.

బాబాయికి గొట్టం పంపి గడ్డ తీశారు. మూడు నెలలకి చూపించడానికి వెళ్లినప్పుడు ఆయన కర్ర లేకుండా నడిచి వెళ్లారు, చొక్కా గుండీలు మాత్రం పిన్నే పెట్టింది. చీటీలో ఉన్న సిటికోలిన్ గురించి అడిగాం. "హాని లేదండీ, లాభం కూడా తేలలేదు, భారమైతే మానేయండి. రక్తం పలచన చేసేది, బీపీది, కొలెస్ట్రాల్‌ది, ఈ మూడూ మాత్రం ఒక్క పూట కూడా తప్పకూడదు" అన్నారు డాక్టరు. పిన్ని అక్కడే బెంచీ మీద కూర్చుని మాత్రల డబ్బా తెరిచి, ఆ మూడు పట్టీలూ ముందు అరలోకి మార్చింది.